మరియమ్మ వైపు గుంతలు

ఎన్నో ఏళ్లుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. రాయడం వచ్చాక ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, చిన్న విమానాలు దిగే గడ్డి రన్‌వే ఉండేది. అక్కడ పిల్లలకు విమానం నడపడం నేర్పేవాళ్లు. గడ్డి కోయడం, రాళ్లు ఏరడం, నల్లరేగడి నెర్రెలిచ్చిన చోట మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టడం మా పని. తూర్పు సగం నాది. పడమటి సగం మరియమ్మది. విమానాలు లేవకముందే చెప్పులు విడిచి, ఎవరి సగం వాళ్లు అడుగడుగూ నడిచి చూడాలి. ఆదివారం ఆమె చర్చికి పోతే ఆమె సగంలో పని కూడా నేనే చూసేదాన్ని, మా పండగలకు నా సగం ఆమె చూసేది. "మీ దేవుళ్లు ఇంతమంది ఉండారు, వారానికొక సెలవు ఇచ్చేవాడు ఒక్కడూ లేడా అక్కా?" అని నవ్వేది.

ఆ ఏడు వానల్లేవు. తొండూరు దగ్గర మా తమ్ముడి గొర్రెలు నిలబడిన చోటే కూలిపోతున్నాయి. వాడు వచ్చి నా ముందు ఏడ్చాడు. బోరు నీళ్లతో పచ్చగా ఉన్నది మా రన్‌వే ఒక్కటే. ఆదివారం విమానాలు లేవవు, నేను తప్ప మనిషి ఉండడు. రమ్మన్నాను. గొర్రెలు రోడ్డెక్కకుండా గుంజలు పాతి వల కట్టాం. ఎక్కడ? మరియమ్మ సగంలో. అక్కడ గడ్డి ఒత్తుగా ఉందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఏదైనా బయటపడితే అది నా వైపు ఉండకూడదని.

సాయంత్రం మబ్బు పట్టింది. గుంజలు పీకితే పెళ్లలు పెళ్లలుగా మట్టి లేచింది. తడిపి కొట్టాలని తెలుసు. ఇన్నేళ్లు చేసిన పనే కదా, తెలియకేం? చినుకులు పడుతున్నాయి, తమ్ముడు తొందరపడుతున్నాడు. పెంటికలు ఊడ్చేసి, గుంజల గుంతల్లోకి వదులు మట్టి తోసి, పైన గడ్డి పరిచి, కాలితో అదిమాను.

సోమవారం పొద్దున మరియమ్మ నడిచింది. నడుస్తుంటే చూశాను. ఆ గుంతల మీదుగానే నడిచింది. మనిషి బరువుకు ఆ మట్టి దిగలేదు, విమానం బరువుకు దిగింది. ముందు చక్రం కూరుకుపోయి, ముక్కు నేలకు పొడుచుకుని అది బోల్తా పడింది. లోపల నేర్చుకునే అమ్మాయి. ప్రాణం దక్కింది, కుడిచెయ్యి మళ్లీ సరిగా మడత పడలేదు.

పందికొక్కు తవ్విందన్నారు. చూసుకోలేదని ఆ రోజే మరియమ్మను పనిలోంచి తీసేశారు. పోయేముందు నా దగ్గరికి వచ్చింది.

"నిన్న ఆడ ఎవురన్నా తవ్వినారా అక్కా?"

"లేదు మే. ఎవురు తవ్వుతారు?"

"నువ్వు చూసినావు కదా?"

"చూసినా. శానా బాగుండె."

తన పాదాలకేసి చూసుకుంది. "అయితే నేనే యాడో పరధ్యానంగా నడిచినా," అంది.

అప్పుడైనా నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందనా? తమ్ముడిని పట్టుకుంటారనా? ఆమె నన్ను నమ్మింది కాబట్టా? మూడోదే అనుకుంటాను. నమ్మే మనిషి దగ్గర అబద్ధం ఎంత సులువుగా నిలబడుతుందో ఆ రోజు చూశాను, చూసి ఊరట పడ్డాను కూడా. ఆ ఊరట తలుచుకుంటేనే నా మీద నాకు అసహ్యం.

ఇప్పుడామె ప్రొద్దుటూరులో కూతురి దగ్గర ఉంటుంది. చెప్పేద్దామని పోయాను. ఇప్పటికీ రోజూ ప్రార్థనలో ఆ అమ్మాయి పేరెత్తి, "నా నిర్లక్ష్యాన్ని మన్నించు ప్రభువా" అని అడుగుతుందట. నాకు టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

మన్నించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. మరియమ్మ ఆ పొద్దున సరిగానే నడిచింది. ఆ గుంతలు నావి. ఇన్నేళ్లలో ఈ రెండు మాటలు నా లోపలి నుంచి బయటికి రావడం ఇదే మొదలు. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.