లైబ్రరీకి ఇద్దరు పిల్లలు తక్కువ

వెర్డా స్లోన్‌కి ఒక జబ్బు ఉండేది. ‘ఎందుకు’ అన్న మాట బుర్రలో పడిందంటే దాని అంతు చూసేదాకా ముద్ద దిగదు. వాగు నీళ్లు ఎర్రగా మారినా, ఎదురింటి పిల్లి మూడు రోజులు కనపడకపోయినా ఆరా తీయాల్సిందే. కెంటకీ కొండల్లో, మూతపడ్డ బొగ్గు గనుల మధ్య ఉన్న పార్సన్స్ లిక్ అనే ఊళ్లో రెండు గదుల లైబ్రరీని పందొమ్మిదేళ్లు లాక్కొచ్చిందంటే ఆ జబ్బు చలవే. జీతం సంగతి మాత్రం అడక్కండి.

ఆ లైబ్రరీలో నాలుగు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ లైను. గని మనుషులు బొగ్గు దుమ్ముకు చెడిన ఊపిరితిత్తులకిచ్చే పింఛనుకు అర్జీ పెట్టుకోవాలన్నా, కుర్రాళ్లు ఉద్యోగం వెతుక్కోవాలన్నా అక్కడికే రావాలి. బళ్లకూ లైబ్రరీలకూ ఇలాంటి లైన్ల మీద ప్రభుత్వం రాయితీ ఇస్తుంది. ఎంత ఇస్తుందన్నది ఊరి బళ్లో ఉచిత భోజనానికి పేరు నమోదైన పిల్లల్ని బట్టి. సగం మంది ఉంటే ఎనభై శాతం, తగ్గితే డెబ్బై. ఇన్నాళ్లూ ఆ ఫారాలు కౌంటీ ఆఫీసులో ఒక పెద్దాయన నింపేవాడు. ఆయన రిటైరయ్యాడు, 2004లో ఫారాలు వచ్చి వెర్డా నెత్తిన పడ్డాయి. దానికి తోడు కౌంటీ బోర్డు వాళ్లు చేతులెత్తేశారు. “ఎనభై వస్తే మిగతాది మేం చూసుకుంటాం. డెబ్బైతో అయితే మావల్ల కాదు, లైను తీసేయండి” అన్నారు.

రాయితీకి మొదటి ఫారం పంపాక ఇరవై ఎనిమిది రోజులు ఊరికే ఉండాలి, లైను ఇచ్చే కంపెనీలు తమ ధరలు చెప్పడానికి. ఊరికే ఉండటం వెర్డాకి వచ్చిన విద్య కాదు. ఆ రోజుల్లోనే బడి నుంచి వచ్చిన లెక్క చూసింది. మొత్తం రెండు వందల పన్నెండు మంది పిల్లలు, పేరున్నది నూట నలుగురు. ఇద్దరు తక్కువ.

“ఇదెక్కడి లెక్కమ్మా!” అని ముక్కు మీద వేలేసుకుంది. ఈ ఊళ్లో సగం ఇళ్లు జరుగుబాటున్నవా? ఎవరా మహానుభావులు? ఇంటికి నడుస్తూ వేళ్లు మడిచి లెక్కేసింది. బ్యాంకు మేనేజరు, ఇద్దరు టీచర్లు, శవపేటికల కొట్టాయన. నాలుగో వేలి దగ్గర ఆగిపోయింది.

మర్నాడు బుధవారం, నేరుగా బడి వంటశాలకు పోయింది. అక్కడి వంటకు పెద్ద ఇమజీన్ అనే ఆవిడ, వెర్డాకి వరసకు చెల్లెలు. మొక్కజొన్న రొట్టెల ట్రే పొయ్యిలోంచి తీస్తోంది.

“ఏమే, మన పిల్లలు ఎప్పుడు షావుకార్లయిపోయారు? సగం మందికి కూడా ఉచిత భోజనం అక్కర్లేదా?”

“అక్కర్లేక కాదక్కా. ఆగస్టులో ప్రతి పిల్ల సంచిలోనూ భోజనం ఫారం పెట్టి పంపుతాను. చూడు నా బతుకు” అంటూ ఇమజీన్ ఒక అట్టపెట్టె తెచ్చింది. “పేరు జోలికి పోకు, అది నా ఉద్యోగానికి చేటు. మిగతాది చూసుకో.” పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి ఒక్కొక్కటే తిప్పింది.

కొన్ని ఖాళీవి. ఒకటి నాలుగు ముక్కలు చేసి పంపారు. ఒకదాని మీద పెన్సిలుతో ‘అడుక్కునే వాళ్లం కాదు’ అని. వెర్డాకి సరదా పుట్టింది, మెడ సాచి మరీ చదివింది. తరవాతి కాగితం మీద నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో ‘మా పిల్లను మేం పోషించుకోగలం. ధన్యవాదాలు’ అని ఉంది.

వెర్డా ఇంకా ముందుకు వంగింది. ఆ గుండ్రటి అక్షరాలతోనే తను పందొమ్మిదేళ్లుగా పుస్తకాలకు చీటీలు రాసి అంటిస్తోంది.

వెర్డా కూతురు ఒహాయోలో ఫ్యాక్టరీ పనిలో ఉంది. తొమ్మిదేళ్ల మనవరాలు టెస్సీ వెర్డా దగ్గరే పెరుగుతోంది. ఆగస్టులో ఆ ఫారం చూసి వెర్డా అర నిమిషం కూడా ఆలోచించలేదు. ఇలాంటి సాయం ఏదొచ్చినా వెర్డా వాళ్లమ్మ అలాగే తిప్పి పంపేది, అమ్మమ్మ కూడా. ఈ కొండల్లో అదొక అలవాటు.

“నేనేం చూళ్లేదు” అంది ఇమజీన్, రొట్టెలు కోస్తూ. “శుక్రవారం సాయంత్రం లెక్క కట్టేస్తారు. ఖాళీ ఫారాలు ఆ అల్మరాలో ఉన్నాయి.”

వెర్డా రెండు తీసుకుంది. వాటిలో ఒకటి మర్నాడు పొద్దున్నే వంటింట్లో నిలబడే నింపింది.

రెండోది డ్యూయీ నోబుల్ కోసం. ముప్పై ఏళ్లు గనిలో చేసిన ముసలాయన, మనవణ్ని పెంచుతున్నాడు. ఒకళ్ల సాయం పుచ్చుకునే రకం కాదని ఊరంతటికీ తెలుసు. పింఛను కబురు కోసం రోజూ లైబ్రరీలో మూడో కంప్యూటరు దగ్గర కూర్చుంటాడు. ఫారం చూడగానే మొహం గంటు పెట్టుకున్నాడు.

“బొగ్గు దుమ్ము తిన్నాను గానీ ఒకళ్ల ముందు చెయ్యి చాచలేదే వెర్డా.”

“ఈ పింఛనో బాబాయ్? అది అడుక్కోవడమేనా?”

“అది నా ఊపిరికి వెల.”

“మరి వాడి తిండి నీ చెమటకు వెల అనుకో. ఏళ్ల తరబడి పన్ను కట్టావు కదా.”

“మాటలకేం, బాగానే చెప్తావు.” దగ్గు తెర వస్తే రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. “నువ్వు పెట్టావా సంతకం?”

సంచిలోంచి తన కాగితం తీసి బల్ల మీద పరిచింది. “ఇదిగో. ఈ పొద్దునే. సిగ్గుతో చచ్చిపోయాను, నీ దగ్గర దాపరికమెందుకు.”

డ్యూయీ కళ్లజోడు పైకి తోసుకుని దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. “నీ పెన్ను ఇలా తే” అన్నాడు.

శుక్రవారానికి నూట ఆరు మంది అయ్యారు. వెర్డా రాయితీ అర్జీ రెండో ఫారంలో ఆ అంకె వేసుకుని, ఎనభై శాతం అని రాసి, మూడుసార్లు సరిచూసుకుంది. వసంతంలో మంజూరు కాగితం వచ్చింది, లైను నిలిచింది. అదొక పెద్ద సంబరం, కాదనను. కానీ ఆమె చనిపోయేదాకా చెప్పుకున్నది అది కాదు, నవంబరు మొదటి సోమవారం సంగతి.

ఆ సాయంత్రం టెస్సీ లైబ్రరీకి వచ్చి బల్ల మీద భోజనం డబ్బా పెట్టింది. పొద్దున అలవాటు కొద్దీ కట్టిచ్చిన మెత్తటి బిస్కట్ రొట్టెలూ, ఆపిల్ బటర్ అనే జామూ అలాగే ఉన్నాయి.

“అమ్మమ్మా, బళ్లో తిండి వేడిగా ఉంటుంది తెలుసా!” అంది. “బీన్స్ మీంచి ఆవిరి వస్తుంది. ఎలా ఉంటుందో అని రోజూ అనుకునేదాన్ని.”

“అంత ఆశ ఉంటే నన్ను అడక్కపోయావా, నా తల్లీ?”

“నువ్వు వద్దని రాశావు కదా. నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. చదివాను కూడా.”

ఊరందరినీ ఎందుకని అడిగి తినేసిన మనిషి, ఇంట్లో పిల్లను మాత్రం ఎన్నడూ అడగలేదు. పిల్లను దగ్గరకు లాక్కుని, రేపేం వండుతారో అడిగింది.