ముందు సగం

బస్టాండు ముందు కాలిబాట మీద కుట్టుమిషను వేసుకుని సంచులు బాగుచేసే ఆవిడను అందరూ జిప్పులక్క అనేవారు. ఎంత మొండి సంచైనా ఆవిడ చేతిలో పడితే నోరు మూసుకోవాల్సిందే. ఆవిడ నోటికి మాత్రం జిప్పు లేదని, పక్కనే పండ్లబండి పెట్టుకున్న సొంత వదిన, అన్న భార్య, ఆటపట్టించేది. భర్త పోయి జిప్పులక్క దిక్కుతోచక కూర్చున్నప్పుడు తన బండి పక్కకు జరుపుకుని ఆ చోటిచ్చింది ఈ వదినే.

ఒకరోజు నగరపాలక సంస్థ తన సోషల్ మీడియా పేజీలో ప్రకటన పెట్టింది. కాలిబాటల మీద కొత్త విధానం తెస్తున్నాం, మీ అభిప్రాయం వీడియో తీసి పంపండి, మీ మాట విన్నాకే నిర్ణయం అని. కూతురు ఫోను పట్టుకుంటే జిప్పులక్క జంకూగొంకూ లేకుండా మాట్లాడింది.

"కాలిబాట నడిచేవాళ్ళది. మేం అడ్డంగా కూర్చుంటే ముసలివాళ్ళు రోడ్డు మీద నడుస్తున్నారు. అది తప్పే. కానీ బస్టాండు వెనక గోడ వారన బోలెడు చోటుంది. ముందు అక్కడ మాకు చోటు చూపించి, ఆ తర్వాత ఇక్కణ్ణుంచి లేపండి."

పేజీలో "అది తప్పే" వరకే వచ్చింది. చూసినవాళ్ళంతా ఎంత నిజాయతీ అని మెచ్చుకున్నారు. లైకులు కుప్పలుతెప్పలుగా పడ్డాయి. కూతురు ఫోనులో ఉన్న పూర్తి వీడియో చూపిస్తే వదిన నమ్మినట్టే తలాడించింది. వారం తిరక్కుండా కొత్త విధానం ప్రకటన వచ్చింది, దాని మీద జిప్పులక్క ఫొటో. ఆ వెనకే కాలిబాట ఖాళీ చేయించే లారీ వచ్చింది. మిషనూ, పండ్లబండీ ఒకే లారీలోకి ఎక్కాయి. వదిన ఆరోజు నుంచి మాట్లాడటం మానేసింది.

జిప్పులక్క ఆఫీసుకు వెళ్ళింది. పేజీ చూసే అధికారి మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు.

"నిడివి ఎక్కువైందని కత్తిరించామమ్మా. మీరు అనని మాట ఒక్కటైనా పెట్టామా?"

"అన్నదాంట్లో సగమే పెట్టారు కదా బాబూ."

"ఆ గోడ సంగతి మా శాఖ చూడదమ్మా."

కూతురు పూర్తి వీడియోను ఆ పేజీలోనే కామెంటుగా పెట్టింది. కాసేపటికి మాయమైంది. మళ్ళీ పెడితే మళ్ళీ తీసేశారు. చివరికి ఆ పిల్లను పేజీలోకే రానివ్వలేదు.

తర్వాత ఆదర్శ పౌరురాలిగా సత్కరిస్తాం రమ్మని కబురొచ్చింది. వెళ్ళొద్దని కూతురు పోరింది. మైకు దొరికితే మిగతా సగం చెప్పేస్తానని జిప్పులక్క పంతం పట్టి వెళ్ళింది. పెద్ద అధికారి ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. ఆవిడ మైకు కోసం చెయ్యి చాపేసరికి అది పక్కవారికి వెళ్ళిపోయింది. అటు కాదు, ఇటు చూడండమ్మా అన్నాడు ఫొటోగ్రాఫరు. ఎవరు పిలిచినా తలెత్తే అలవాటు కొద్దీ చూసింది.

ఆ ఫొటో సాయంత్రానికి పేజీలోకి ఎక్కింది. తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పండ్లు అమ్ముతున్న వదిన ఎవరి ఫోనులోనో అది చూసి, దాని కింద ఎత్తిపొడుపుగా ఓ మాట రాయించింది.

"ఈమె మా ఆడపడుచే."

కూతురు పెట్టినవన్నీ తుడిచేసినవాళ్ళు దీన్ని మాత్రం ఉంచారు. కింద దండం బొమ్మ కూడా పెట్టారు.