ముందుగదిలో ఇంజిను

మన తెలుగులో ఆగు అంటే ఆగమని. షాలిమార్ గూడ్సు యార్డులో బరువులు మోసే బీహారీ వాళ్ళకి ఆగూ అంటే ముందుకి పదమని. మా అమ్మమ్మ కొత్తగా వాట్‌గంజ్ వచ్చిన రోజుల్లో చేతిరిక్షా ఎక్కి, ఇల్లు దాటిపోతోందని "ఆగు, ఆగు" అని అరిచిందట. రిక్షావాడూ బీహారీయే, ఇంకా జోరుగా లాగాడు. ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది, వాడింక పరుగే పరుగు. రేవు గట్టు దాకా పోయి గాని ఆగలేదట. క్రిస్మస్‌కి అందరం కూడితే ఈ కథ చెప్పుకుని నవ్వందే మేం కేకు కొయ్యం.

నా కథకొస్తాను. మా ఆయన హౌరాలో ఒక ఫ్యాక్టరీలో టర్నరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన మగాళ్ళు టీ కొట్టు దగ్గర కూర్చుంటారు. ఈయన పాత ఇనుము కొట్టు నించి తెల్లదొరల కాలం నాటి కారు ఇంజినొకటి తోపుడుబండి మీద పెళ్ళికూతుర్ని ఊరేగించినట్టు తెచ్చి మా ముందుగదిలో దింపాడు. ఒళ్ళంతా తుప్పు, పక్కన బీట, లోపల ఎలకల గూడు.

"ఏటిది?" అన్నాను.

"ఇంజిను."

"మరి కారేదీ?"

"అదే వస్తాదిలే," అన్నాడు.

కారు రాలేదు గాని నాకు సవతి వచ్చింది. దాన్ని ముక్కముక్కలుగా విప్పీసి ఇల్లంతా పరిచాడు. నా పప్పుగిన్నెలో బోల్టులు కిరసనాయిల్లో నానీవి. ఒక పిస్టన్ని నేను నిమ్మకాయ ఊరగాయ మీద బరువుకి పెట్టుకుంటే, అది కనబడక ఈయన రెండు రోజులు అన్నం సయించక తిరిగాడు. ఇరుసుకి నీలం రంగు రాసి, బేరింగుల్లో తిప్పి చూసి, రంగు ఎక్కడ అంటితే అక్కడ ఎత్తుందని రవ్వంత గీకీవాడు. మళ్ళీ రాసీవాడు, మళ్ళీ గీకీవాడు. ఆ నీలం వేళ్ళతోనే అన్నం తినీవాడు. చర్చిలో మా పాటల పుస్తకం తెరిస్తే పేజీ పేజీకీ ఆ నీలం ముద్రలే.

"ఏటండీ, నా సవతికి తలంటు అయిందా?" అనీదాన్ని.

"అయింది. నీలాగ గంట పట్టలేదు," అనీవాడు.

అలగే ఏళ్ళు గడిచాయి. ఇంతలో నా మోకాళ్ళు పోయాయి. మా మంచం మేడమీద గదిలో ఉండీది. మెట్లెక్కాలంటే కళ్ళమ్మట నీళ్ళు కారీవి. మంచం కిందికి రావాలంటే ఇంజిను బయటికి పోవాలి, వేరే దారి లేదు. "అమ్మీస్తాను," అన్నాడు ఆయనే. అని, వచ్చిన ఇద్దర్నీ తరిమీసాడు! ఒకాయన హోటల్ గుమ్మంలో అలంకారానికి పెడతానన్నాడట. ఇంకొకాయన పైన గాజు పలక వేయించి బల్ల చేసుకుంటానన్నాడట. "పరిగెత్తాల్సిన దాన్ని బల్ల చేస్తాడట, బల్ల!" అని ఈయన రంకెలు. మెట్టు మెట్టుకీ ఈయన్ని తిట్టుకుంటూ నేను మేడెక్కాను.

మొన్న చలికాలంలో గంగకి అవతలి ఒడ్డు నించి ఒక బెంగాలీ పెద్దాయన వచ్చాడు. వాళ్ళింట్లో పాత కారుందట. ఇంజిను పగిలి, ఏనాటి నించో షెడ్డులో అలగే పడుందట. సరిగ్గా ఇలాటి ఇంజినే దానికి పడుతుందట.

"ఒకసారి నడిపి చూపించండి దాదా," అన్నాడు.

అది నడవగా నేనెప్పుడూ చూళ్ళేదు. పొగకి నేను గోల పెడతానని, నేను చర్చికి వెళ్ళినప్పుడే స్టార్టు చేసి చూసుకునీవాడట. చక్రాల స్టాండు మీద దాన్ని సందులోకి తోసారు. పెట్రోలు సీసా కిటికీ ఊచకి వేలాడదీసాడు. హ్యాండిలు పెట్టి తిప్పాడు. అది దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గింది. టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి నేను ఒకటే ప్రార్థన, ప్రభువా, ఇది లేవాలి, లేచి పోవాలి.

లేచింది.

ఓలమ్మో! కాళ్ళ కింద గచ్చు సన్నగా వణికింది. మోత మోగిపోతుందని చెవులు మూసుకోబోయాను గాని మోత ఏదీ? నిండు కడుపుతో ఆవు నెమరేస్తున్నట్టు, అంత నింపాదిగా ఉంది. మా ఆయన నా చేతి పళ్ళెంలోంచి నిండు టీ గ్లాసు తీసి దాని నెత్తిన పెట్టాడు. గ్లాసు పోయిందే అనుకున్నాను. టీ మీద మీగడ వణికింది, చుక్క ఒలికితే ఒట్టు! నా పప్పుగిన్నెలో బోల్టులే కదా ఇవి? నా ఊరగాయ మీది పిస్టనే కదా లోపల ఎగిరి దూకుతోంది? ఇన్నేళ్ళూ నేను చీపురుతో ఒక మూలకి తోసిన ఇనుపముక్కలన్నీ కూడి ఇలగ ఊపిరి తీస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన నీలం వేళ్ళకేసి చూసాను. ఈ మనిషితోనేనా నేనిన్నాళ్ళు కాపురం చేసింది, అనిపించింది.

పెద్దాయన ధర అడగలేదు. చాలాసేపు వింటూ నిలబడి, "ఏ నూనె పోస్తే దీనికి సుఖం?" అని అడిగాడు, కొత్త కోడలికి ఏ కూర ఇష్టమని అడిగినట్టు. మా ఆయన మొహం విచ్చుకుంది. అంతే, ఖాయమైపోయింది.

మర్నాడు పొద్దున్నే చిన్న లారీ వచ్చింది. యార్డు నించి నలుగురు బీహారీ మనుషులు, రాత్రి మళ్ళీ గదిలోకి తోసిన ఇంజినుకి తాళ్ళు కట్టి, వెదురు బొంగులు దూర్చి, భుజాలకెత్తారు. గుమ్మం దాటించారు. ఖాళీ అయిన గదిలో గచ్చు మీద నల్లటి నూనె మరక ఒక్కటే మిగిలింది. అది చూసేసరికి నాకేటయిందో!

"ఆగు!" అని అరిచాను.

"హాఁ మాఁజీ, ఆగూ!" అని వాళ్ళు అడుగు జోరు చేసారు.

"ఆగు! ఆగు!" అంటూ గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళాను. నేను అరిచిన కొద్దీ వాళ్ళు లారీకి దగ్గరైపోతున్నారు. అమ్మమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. వెంటే ఏడుపూ వచ్చింది.

ఆ సందులో నేనేమన్నానో తెలిసిన మనిషి మా ఆయన ఒక్కడే. ఆయన చెయ్యెత్తితే చాలు, వాళ్ళు ఆగీవాళ్ళు. వెనక్కి తిరిగి నా మొహం చూసాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. అలగే కిందికి, నా మోకాళ్ళకేసి చూసాడు.

అప్పుడు వాళ్ళ వైపు తిరిగి, "ఆగూ," అన్నాడు.