రాగి కడ్డీ కొస

మా ముత్తాత అల్మాస్‌గూడకు మాలీపటేల్, శిస్తు వసూలు చేసే ఊరి పెద్ద. మా తాత ఎదురొస్తే ఊరు పక్కకు జరిగి నిలబడేది. నేను బస్సులో కూడా వీపు ఆనించి కూర్చోను.

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మరదలి ఆపరేషన్ కోసం, గేటు మీద తాత పేరున్న మా చివరి స్థలం అమ్ముదామంటాడు. నేను ఎత్తలేదు. పక్క సీటమ్మాయి ఒళ్లో, తువాలులో చుట్టిన రాగి కడ్డీ ఉంది. కొస గుంటలు పడి కరిగిపోయింది.

"అదేందమ్మా?"

"ప్లాస్మా ఫోకస్ అనే మిషిన్ల వాడేది అంకుల్. నేను రీసెర్చ్ చేస్తున్న. గ్యాస్‌ల ఒక్కసారి పెద్ద కరెంట్ ఇడిస్తే, మంట లెక్క ప్లాస్మా పుట్టి, గీ కొస కాడ దారమంత సన్నగైతది."

"అంత సన్నగా దాన్ని నొక్కేదెవరు?"

ఆమె తువాలును పిడికిట్లో బిగించి చూపించింది.

"ఎవరూ లేరంకుల్. దాని కరెంటే దాన్ని నొక్కుతది. మస్తు మొండిది. బిగిసినకొద్దీ వంకర్లు పోయి నడుమ తెగుతది, కొసను తింటది. జరసేపన్న నిలబెడ్దామని ఏండ్ల సంది పరేషాన్ అయితున్న."

ఫోన్ మళ్లీ మోగింది.

"ఎత్తుండ్రి అంకుల్, పాపం," అంది.

ఎత్తాను.

ఆ నెలలోనే స్థలాన్ని గేటుతో సహా అమ్మేశాం.