రెక్క కింద రెండు పాదాలు

పిల్లలూ, మీ అమ్మ ఫోనులో పంపిన ఫొటోలు చూసి మీరడిగిన మాట నా దాకా వచ్చింది. "తాతయ్య యుద్ధంలో విమానం నడిపాడా అమ్మమ్మా?" అని. ఆ పాత ఆల్బం మీ తాతయ్యదే. అందులో బొమ్మలన్నీ ఆయన పత్రికల్లోంచి కత్తిరించి అంటించినవే. కానీ మీ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఆ ఆల్బాన్ని నేను మొదటిసారి చూసింది నా పెళ్లిచూపుల్లో. చూడగానే అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందుకని కాస్త నిదానంగా చెబుతాను, వినండి.

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, కొంత పొగాకు. నాకు పద్దెనిమిదేళ్లు, యాభైల నాటి మాట. పచ్చి పొగాకుని కొట్టంలో వేడి మీద కాల్చడం అయ్యాక ఆడవాళ్లమంతా షెడ్డులో కూర్చుని ఆకుని రంగుల వారీగా గ్రేడులు వేరు చేసేవాళ్లం. నిమ్మపండు రంగు ఒక పక్క, నారింజ రంగు ఒక పక్క, బెల్లం రంగు ఇంకో పక్క. ఉత్తరపు కిటికీ దగ్గరే కూర్చోవాలి, ఎండ నేరుగా పడితే రంగు మోసం చేస్తుంది. నాకు ఈ పని నేర్పింది మా నాయనమ్మ. ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు. కొందరు ఆకుని మూటగా కట్టిన బేలు పైన మంచిది పేర్చి నడుమ నాసి ఆకు దూర్చేవాళ్లు. అందుకని ఏ బేలునీ పైనుంచి చూడనిచ్చేది కాదు. "నడుమ చెయ్యి పెట్టి లాగవే" అనేది. ఇంట్లో కందిపప్పు బస్తా అయినా, చీరల మూటయినా అదే పద్ధతి.

ఆ ఎండాకాలంలో అద్దంకి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఆయిలింజన్లు బాగుచేస్తాడు. పదేళ్ల కిందటి పెద్ద యుద్ధం రోజుల్లో సముద్రపు ఒడ్డున విమానాలు దిగే మైదానంలో పనిచేశాడని, దొరల విమానాల మీదే ఇంజను పని నేర్చాడని మధ్యవర్తి చెప్పాడు. మా నాన్నకి ఆ మాట బాగా పట్టింది. మా పొలంలో ఇంజను నెలకోసారి మొరాయించేది.

వాళ్లొచ్చిన రోజు మా వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి పెళ్లికొడుకు నాలుగు తుమ్ములు తుమ్మాడు. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, గోళ్ల కింద మాత్రం పోని నల్లటి గ్రీజు. ఆ గ్రీజు నాకు నచ్చింది. మిగతాదంతా మధ్యవర్తి మాట్లాడాడు. సంచిలోంచి ఆల్బం తీసి మొదటి పేజీ తెరిచి నాన్న ముందు పెట్టాడు.

"చూశారా బావగారూ! దొర మనవాడి భుజమ్మీద చెయ్యేసి నిలబడ్డాడు. అట్టాంటి చెయ్యి ఎవడి మీద పడితే వాడి మీద పడుద్దా?"

విమానం రెక్క పక్కన మెడకి గుడ్డ చుట్టుకున్న దొర నవ్వుతున్నాడు. ఆయన చేతి కింద, రెక్క మీదుగా నడుము వరకూ కనిపిస్తూ ఈ పెళ్లికొడుకు. పైన పల్చటి మైనపు కాగితం కప్పి ఉంది.

"ఆ కాగితం ఎత్తకండి, బొమ్మ పాడవుద్ది" అన్నాడు మధ్యవర్తి. నాకు మొదటి అనుమానం అక్కడ.

నాయనమ్మ వేలితో విమానం మీది చిన్న చిన్న గుర్తుల వరస చూపించింది. "ఈ గీతలేందయ్యా?"

"ఈయన కూల్చిన విమానాలు పెద్దమ్మా. ఒక్కో గీత ఒక్కో విమానం."

"దాంట్లో మడుసులు ఉంటారుగా?"

"ఉంటారు మరి, యుద్ధం కదా."

"మరి ఈయనెందుకట్టా నవ్వుతున్నాడు?"

మధ్యవర్తి గబగబా ముందున్న నాలుగైదు పేజీలు తిప్పాడు. అన్నింట్లోనూ అలాంటి వాళ్లే. ఒకడు సిగరెట్టుతో, ఒకడు రెండు అరచేతులూ విమానాల్లా పట్టుకుని శత్రు విమానం మీద ఎలా పడ్డాడో చూపిస్తూ. మొహాలు వేరు, నవ్వులన్నీ ఒకే రకం. బేలు పైన ఏరి పేర్చిన మంచి ఆకులాగే ఈ నవ్వుల్ని కూడా ఎవరో ఏరి పెట్టారనిపించింది. అలిసినవాడు, భయపడ్డవాడు ఒక్కడూ లేడే?

"అమ్మాయిని కూడా చూడనివ్వండి" అన్నాడు నాన్న.

నేను ఆల్బం తీసుకుని అరుగు చివరికి, ఉత్తరపు వెలుతురులోకి జరిగాను. పెళ్లిచూపుల్లో పిల్ల అలా లేచి పోకూడదు. అలవాటు, ఏం చేయను! మైనపు కాగితం ఎత్తాను. దొర, విమానం, ఆకాశం నిమ్మపండు రంగుకి తిరిగి ఉన్నాయి. పెళ్లికొడుకు బెల్లం రంగులో ఉన్నాడు. ఒకే కాగితమైతే ఒకేలా పాతబడాలిగా? మిగతా బొమ్మల అంచున మైలుతుత్తం కలిపిన మైదా జిగురు నీలంగా కనిపిస్తోంది, పురుగు పట్టకుండా వేస్తారు. ఈయన అంచున మాత్రం ఎండిపోయిన అన్నం మెతుకు.

గోరుతో ఆ మూల కొంచెం లేపాను. పెళ్లికొడుకు నా వైపే చూస్తున్నాడు. వద్దని కళ్లతో కూడా అనలేదు. తల దించుకున్నాడు. ఎండకి విరిగిన మెతుకు పట్టు వదిలేసింది. ఆయన బొమ్మ నా చేతిలోకి వచ్చింది. కింద, రెక్క మీద, దొర చేతి కింద, నాలుక బయటపెట్టుకుని ఒక కుక్క కూర్చుని ఉంది.

నాయనమ్మ వంగి చూసింది. "ఇదేందే, కుక్క!"

వంటింటి తలుపు వెనక అమ్మ పకపకా నవ్వింది. నాన్న మొహం మిరపకాయ రంగుకి వచ్చింది. "ఏమయ్యా, కుక్క చోట్లో కూర్చుని మా ఇంటికి అల్లుడవుదామనుకున్నావా?"

"నాకేం తెలీదు బావగారూ, ఒట్టు!" అన్నాడు మధ్యవర్తి. కాగితం ఎత్తొద్దన్న మనిషి!

పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు. "నేనే అంటించానండి. మొన్న ఆదివారం. గుంటూరు స్టూడియోలో తీయించుకున్న ఫొటో కత్తిరించి."

"అసలు అక్కడ పనిచేశావా, అదీ అంటింపేనా?"

"చేశానండి."

"ఎట్టా నమ్మేది?"

నాన్న లేవబోతుంటే నాయనమ్మ ఆపింది. "ఆగరా. పైదేగా చూశాం." నా చేతిలోంచి ఆల్బం లాక్కుని, కళ్లు మూసుకుని, సరిగ్గా నడుమ వేలు దూర్చి తెరిచింది.

అక్కడ మైనపు కాగితం లేదు. పేజీ నిండా ఒకే బొమ్మ. విమానం, దాని మీద చెయ్యి పెట్టుకుని ఇంకో దొర. ఇందులో ఆయన నవ్వడం లేదు, ఎండకి కళ్లు చిట్లించాడు. విమానం రెక్క కింద, చక్రం అవతల, చెప్పుల్లేని రెండు పాదాలు. వాటి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

"ఇయ్యెవరివి?" అంది నాయనమ్మ.

"నావండి."

"మొహమేదీ?"

"రెక్క అడ్డమొచ్చిందండి. కంకర గంప దించుతుంటే తీశారు. వాళ్ల పత్రికలో పడింది. చదివి పారేస్తే తెచ్చుకున్నా."

"ఇంజను పనో?"

"అది తర్వాత చీరాల్లో షెడ్డులో నేర్చుకున్నానండి. అక్కడ రాళ్లు మోశా, నేల చదును చేశా, నూనె డబ్బాలు దొర్లించా."

"మరి ఇదే చూపించి ఆ మాటే చెప్పొచ్చుగా?"

"కాళ్లు చూపిస్తే పిల్లనిస్తారాండి?"

నాయనమ్మ వదిలే రకం కాదు. "ఏదీ, కాలు చాపు" అంది. అరుగు మీద ఆయన ఎడమ కాలు చాపాడు. చిటికెనవేలు పక్కకి విరిగి, మిగతా వేళ్లతో గొడవపడినట్టు విడిగా ఉంది. డబ్బా మీద పడిందట. బొమ్మలో ఎడమ పాదం చివర ఒక మచ్చ పక్కకి జరిగి ఉంది. వేలు కావచ్చు, అచ్చు సిరా కావచ్చు. బొమ్మ కింది ఇంగ్లీషు మాటల్ని తర్వాత మా ఊరి మేష్టారుతో చదివించాను. తూర్పు దేశంలో ఒకచోట అని ఉందట, అంతే. ఏ చోటో రాయలేదు. నేను చెప్పగలిగింది ఒకటే, కాగితమంతా ఒకే రంగు. ఆ పాదాలు అంటించినవి కావు. ఎవరివైనా కావచ్చు గానీ, అంటించినవి కావు.

"ఇక బయల్దేరండి" అన్నాడు నాన్న.

ఆయన వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఆల్బం తగలబెట్టినా సరేనండి. ఆ ఒక్క పేజీ ఇప్పించండి."

దొర పక్కన దిగినట్టు అంటించిన మొదటి పేజీ అడగలేదు. స్టూడియో ఫొటో కూడా అడగలేదు, అదింకా నా గుప్పిట్లోనే ఉంది. పాదాల పేజీ అడిగాడు. నేను నాయనమ్మ చెవి దగ్గరికి వంగి, "నడుమ ఆకు బాగుందే" అన్నాను.

నాయనమ్మ నా వైపు గుడ్లురిమి చూసింది. "పైది నాసి."

"పైది తీసేశాగా."

నాన్నని ఒప్పించడానికి ఆవిడకి నెల పట్టింది. రెండుసార్లు అద్దంకి వెళ్లి, ఆయన బాగుచేసిన ఇంజన్ల వాళ్లందర్నీ అడిగి వచ్చింది. నా పెళ్లి అలా అయింది. మా ఇంట్లోనే ఉండిపోయిన ఆల్బం, ఆ పేజీతో సహా, నాతోపాటే ఆయన ఇంటికి వెళ్లింది.

పెళ్లయ్యాక ఆయన నాతో ఎక్కువ మాట్లాడని రోజు ఉంది గానీ, అబద్ధం చెప్పిన రోజు నాకు తెలిసి లేదు. తెలిసి అంటున్నాను, గమనించండి. ఆయన సంతకి వెళ్లొచ్చానంటే నేను చెప్పుల దుమ్ము చూసేదాన్ని. ఆయన చూసి నవ్వి, "ఏ గ్రేడు?" అనేవాడు.

అరవై అయిదో సంవత్సరంలో మళ్లీ యుద్ధం వచ్చింది. ఈసారి మన తెలుగు వారపత్రికల నిండా మన పైలట్ల బొమ్మలు. ఆయన కత్తెర బయటికి తీశాడు. మళ్లీ తనని అంటించుకుంటాడేమోనని నాకు అనుమానం. కొత్త బొమ్మ అంటించినప్పుడల్లా, ఆయన తన ఇంజన్ల షెడ్డుకి పోగానే అంచు మీద గోరు పెట్టి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్తే, షెడ్డులో జనం. గోడ ఇవతలే ఆగిపోయాను.

"బాబాయ్, నువ్వప్పుడు విమానాల్లో తిరిగావంటగా! ఎన్ని కూల్చావేంటి?"

ఒక్క మాట "రెండు" అంటే చాలు, అక్కడ నిజం చెప్పేవాళ్లెవరూ లేరు. అంతమంది ఎదురు చూస్తున్నారు కూడా.

"నేనెక్కలేదురా. గంప మోశా."

"అంతేనా?"

"అంతేనేందిరా! మేం నేల చదును చేయకపోతే ఆ దొర ఎక్కడ దిగుతాడు, మీ అయ్య నెత్తిమీదా?"

అందరూ నవ్వారు. నేను లోపలికెళ్లి అన్నం పెట్టాను. ఆయన మామూలుగా తిన్నాడు. అయినా గోడ ఇవతల నా నీడ షెడ్డు వాకిట్లో పడిందేమో, అది చూసి అలా చెప్పాడేమో అని ఆ రాత్రంతా అనుకున్నాను. మర్నాడు అదే వేళకి వెళ్లి నీడ ఎటు పడుతుందో కూడా చూశాను. వాకిలి వైపు కాదు, వీధి వైపే పడింది. ఆ రోజు నుంచి అంచుల మీద గోరు పెట్టడం మానేశాను.

కాబట్టి, మీ తాతయ్య విమానం నడపలేదు. అది రూఢి. మీ స్నేహితులకి అలాగే చెప్పండి. ఇక ఆ పాదాలు ఆయనవేనా అంటే, భూతద్దంతో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పెద్దది చేసేకొద్దీ పాదం పోయి నల్ల చుక్కలే మిగులుతాయి. మీ ఫోన్లలో ఇంకా బాగా కనిపిస్తుందంటారుగా, ఎడమ పాదం చివర చూడండి. వేలు కాదని తేలినా నాకు దాచకుండా చెప్పండి.

మొదటి పేజీలో కుక్క మాత్రం అలాగే ఉంది, చూశారుగా. ఆయన మళ్లీ దాన్ని కప్పలేదు. మీరూ కప్పకండి.