మజ్జిగ పోసిన చేతులు

సినిమావాళ్ళు నా భార్య చేతులతో ముగ్గురిని చంపించారు. ఆమెకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

పెనుగంచిప్రోలు ఆటోలు జగ్గయ్యపేటలోకి వచ్చే రోడ్డు పక్కనే మా ఇల్లు. ఏటా ఎండలు ముదరగానే మా ఆవిడ అరుగు మీద కుండలు పెట్టి, దారినపోయేవాళ్ళకు మజ్జిగ పోసేది. కిందటి చలికాలం కొందరు కుర్రాళ్ళు కెమెరా పట్టుకుని వచ్చారు. పాతకాలపు సంసారం మీద నలుపు తెలుపు సినిమా అన్నారు.

"హీరోయిన్‌కి కవ్వం చేతకావట్లేదు మామ్మగారూ. మీ చేతులు మాత్రం తీసుకుంటాం, మొహం పడదు" అన్నాడు డైరెక్టరు.

ఆవిడ మురిసిపోయింది. చిలికింది, గ్లాసులో పోసింది, చెయ్యి చాచి ఇచ్చింది. ఆ చేతి మీద, చిన్నప్పుడు తిరునాళ్ళలో పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు ఉంది.

వేసవికల్లా సినిమా అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. వెనకటికి నందిగామలో ఒక మొగుడూ పెళ్ళాం, ఒంటరి ముసలివాళ్ళకు మత్తుమందు పట్టించి, చంపి, బంగారం ఒలుచుకున్న కథ అది. చచ్చేవాడి ముందుకు గ్లాసు వచ్చిన ప్రతిసారీ తెర నిండా మా ఆవిడ చెయ్యి, ఆ తేలు. పైగా మొదట్లోనే 'యథార్థ గాథ' అని వేశారు.

నేను బడికి పోయినవాణ్ణి కాను, పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చినవాణ్ణి. అయినా ఆ కేసు నాకు గుర్తుంది. ఆ ఇద్దరినీ నందిగామ కోర్టుకు తెచ్చిన రోజు జనంలో నిలబడి చూశాను. వాళ్ళు ఇచ్చింది కాఫీ. ఇదేం యథార్థమని డైరెక్టరుకు ఫోన్ చేసి నిలదీశాను.

"నలుపు తెలుపులో కాఫీ ఆనదు తాతగారూ. మజ్జిగైతే మెరుస్తుంది" అన్నాడు.

మెరుపు కావాల్సొచ్చి మా అరుగు మీద పడ్డాడన్నమాట!

అయినా ఈ ఏడూ కుండలు పెట్టాం. ఒక డ్రైవరు ఆటో ఆపి, మా ఆవిడతో, "పిన్నిగారూ, ముందు బాబాయిగారితో తాగించండి. ఆయన నిలబడితే మేమూ తాగుతాం!" అన్నాడు. లోపల ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె మాత్రం నవ్వలేదు, కూతురి చేతిలో గ్లాసు లాక్కుని నేలమీద పారబోసింది. అప్పటినుంచి వచ్చిన ప్రతి ఆటో ముందూ నేను గ్లాసెడు తాగి చూపించాను. పొట్ట ఉబ్బిందే గాని నమ్మినవాడు లేడు.

మా ఆవిడ ఆ ఎండలో పొడుగు చేతుల జాకెట్టు తొడిగింది. తర్వాత అదీ చాల్లేదు.

"కుండలు లోపల పెట్టెయ్యండి" అంది. "నేనెవరో తెలిసినవాళ్ళు కూడా మొహం చూట్టం మానేశారు. చేతివంకే చూస్తున్నారు."

ఇప్పుడు వీధి తలుపు వేసే ఉంటోంది. పంపు నీళ్ళకు నేనే వెళ్తున్నాను. బయట ఆటో నెమ్మదించిన చప్పుడు వినిపిస్తే లోపల ఇద్దరం మాటలు ఆపేస్తాం. అది ముందుకు పోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ఏ నేరమూ చెయ్యని మాకీ జైలేమిటి?

ఆ చెయ్యి సినిమాలోంచి తీసెయ్యమని డైరెక్టరుకు మెసేజీ పెట్టాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ. చివరికి జవాబు వచ్చింది:

"తాతగారూ, మీ బాధ అర్థమైందండీ. కానీ ఆ చెయ్యి తీసేస్తే సినిమాలో ఇంకేం మిగలదు, చూసినోళ్ళంతా దాన్నే మెచ్చుకుంటున్నారు. రెండో భాగం మొదలెడుతున్నాం. మామ్మగారు ఇప్పుడు ఖాళీగానే ఉంటున్నారు కదండీ?"