లెక్క ప్రకారం అది తెనాలి

ఆ రోజుల్లో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరిగారని మా వయసువాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. నా విషయంలో అది అబద్ధం. రెండో తరగతికొచ్చినా నాకు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, పలక తుడిచి సంచిలో సర్దింది, బడి వరండా దాకా చంకనెత్తుకుని దింపింది మా పెద్దమ్మ. (అప్పటికి నా బరువు తక్కువేం కాదు.) అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసి తెనాలి ఆసుపత్రిలో చేరినప్పుడు, నన్ను చూసుకోవడానికి ఆమె అక్క అయిన ఈ పెద్దమ్మ బాపట్ల నుంచి రేపల్లెలో మా ఇంటికి వచ్చింది. తల్లి దగ్గర లేని పిల్లనని నా చేత ఏ పనీ చేయనిచ్చేది కాదు. పంతులుగారు కూడిక అడిగితే కిటికీ బయట నిలబడి జవాబు వేళ్ళతో చూపించేది. ఒకరోజు ఆయన బయటికి వచ్చి, "అమ్మా, మీరు రెండో తరగతి పాసైపోయారండి. ఇంక పిల్లని పాసవనివ్వండి" అన్నారు.

ఈ సంగతి నాన్న ద్వారా అమ్మ చెవిన పడింది. జబ్బు అంటుకుంటుందని ఐదు నెలలుగా నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్ళలేదు. వేసవి సెలవులకి ముందు ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. పిల్లని ఒక్కసారి చూడాలని ఉందని, గురువారం నాలుగింటి నుంచి ఐదింటి దాకా చూడనిస్తారని రాసి, కింద ఒక షరతు పెట్టింది. రేపల్లెలో బండెక్కాక స్టేషన్లు నేనే లెక్కపెట్టాలి. ఏడోది తెనాలి. నేను చెప్పిన చోటే పెద్దమ్మ దిగాలి. నాన్న చదివి వినిపించి పెద్దమ్మ వైపు చూశాడు. నాన్నకి మిల్లులో సెలవు దొరక్క మేమిద్దరమే బయల్దేరాం.

కిటికీ పక్కన కూర్చుని ఒక్కో స్టేషనుకీ ఒక్కో వేలు ముడిచాను. ఎదురు సీటు ముసలాయన జామకాయ ఇవ్వబోతే, చెయ్యి తెరిస్తే లెక్క పోతుందని తీసుకోలేదు. భట్టిప్రోలు దాటాక పొలాల మధ్య బండి ఎందుకో ఆగింది. అదే సందని ఇద్దరు ఆడవాళ్ళు చేపల బుట్టలు దించుకుని గట్టు మీద నడిచిపోయారు. బండి ఆగింది, మనుషులు దిగారు, కాబట్టి అది స్టేషనే. మూడో వేలు ముడిచాను.

ఏడో వేలు ముడిచిన చోట ఒక చిన్న గది, ఒక వేపచెట్టు, దాని కింద ఒక కుక్క ఉన్నాయి.

"తెనాలి వచ్చింది పెద్దమ్మా."

ఆమె బయటికి చూసింది. "సరిగ్గా లెక్కపెట్టావా?"

"ఏడు."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. "మీరూరుకోండి బాబాయిగారూ" అని, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని దిగింది.

బండి వెళ్ళిపోయాక గానీ నాకు అనుమానం రాలేదు. ఏడుస్తూ ఎత్తుకోమన్నాను. రోజూ అడక్కుండానే ఎత్తుకునే మనిషి ఆ రోజు ఎత్తుకోలేదు. పట్టాల వెంట రెండు మైళ్ళు ఎండలో నడిచి, దారి అడుక్కుంటూ, ఆసుపత్రి చేరేసరికి ఐదుకి పది నిమిషాలుంది.

నన్ను అమ్మ మంచానికి నాలుగడుగుల దూరంలో నిలబెట్టారు. దుప్పటి కింద అమ్మ ఉందా లేదా అన్నట్టుంది. ఆలస్యం తన వల్లేనని పెద్దమ్మ చెప్పబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఎన్ని లెక్కపెట్టావే?"

"ఏడమ్మా."

"మరి ఎక్కడ తప్పింది? మొదట్నుంచి చెప్పు."

ఒక్కో వేలే ముడుస్తూ చెప్పాను. చేపల బుట్టల వాళ్ళ దగ్గరికి వచ్చి, "అక్కడ టిక్కెట్ల గది లేదు" అని నాకు నేనే ఆగిపోయాను. అమ్మ నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు, నర్సమ్మ మమ్మల్ని బయటికి పంపింది. ఎలా ఉన్నావని అమ్మని అడగనైనా లేదు. ఉన్న పది నిమిషాలూ వేళ్ళకే సరిపోయాయి.

తిరుగు బండిలో ఇంక లెక్కపెట్టనన్నాను. "పెట్టు. తప్పితే మళ్ళీ దిగుదాం" అంది పెద్దమ్మ. ఆ మరుసటి నెల అమ్మ పోయింది.

నాకు పదేళ్ళప్పుడు పెద్దమ్మతో బాపట్ల వెళ్తూ తెనాలిలో బండి మారాం. అన్ని ప్లాట్‌ఫారాలు, అన్ని అరుపులు. పెద్దమ్మ ఎవర్నీ అడక్కుండా మెట్లెక్కి, దిగి, సరైన బండి ముందు నిలబడింది. అప్పుడు నాకు వెలిగింది.

"ఆ రోజు అది తెనాలి కాదని నీకు తెలుసా పెద్దమ్మా?"

"తెలీకేం."

"మరెందుకు దిగావు?"

"మీ అమ్మ రాసింది కదే, నువ్వు చెప్పినచోటే దిగమని." చెంగుతో ముఖం తుడుచుకుంది. "అది నన్నడిగింది అదొక్కటే."

నా బడి ఐదో తరగతితో ఆగినా, లెక్కలు నాకు నేనే పట్టుకున్నాను. ఇప్పుడు మా వీధి పిల్లలు భాగహారం తప్పితే నా దగ్గరికి వస్తారు. తప్పెక్కడో వాళ్ళే వెతుక్కోవాలని గట్టిగా నియమం పెట్టాను. పెట్టినదాన్నే గానీ, పిల్ల ముఖం కాస్త చిన్నబోతే చాలు, రెండో వరస దగ్గరే నోరు జారి చెప్పేస్తాను. తెలిసి తెలిసి దిగిపోయి, రెండు మైళ్ళు నోరు విప్పకుండా నడవడం నాకు ఇంతవరకూ చేతకాలేదు.